క్యాష్‌బ్యాక్ నూటికి రూపాయి, వడ్డీ నూటికి మూడున్నర

(మండల రైతు శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మనం మిర్చి ధర గురించి, సాగర్ కాల్వ నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు క్రెడిట్ కార్డు గురించి, ఫోన్‌లో డబ్బు కడితే వచ్చే క్యాష్‌బ్యాక్ గురించి మాట్లాడతామంటే, ఇదేం రైతు సమస్య అని కొందరికి అనిపించవచ్చు. అది హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే పిల్లల గొడవ కదా అనొచ్చు. ఆ పిల్లలు మన పిల్లలే. ఆ కార్డు మీద కొంటున్నది మన చేలోకి పోయే మందు డబ్బాలే. అందుకే ఈ విషయం ఇవాళ ఎజెండాలో పెట్టాం.

ఎరువుల కొట్టుకు వెళ్తే గల్లాపెట్టె పక్కన క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది. టీ బండి దగ్గరా అదే. ట్రాక్టరు కిరాయి, కూలీల మేస్త్రీకి ఇచ్చే డబ్బు, ఆటో చార్జీ, అన్నీ ఫోన్‌లోనే నడుస్తున్నాయి. దీన్ని మనం తప్పుపట్టడం లేదు. చిల్లర గొడవ తగ్గింది. యార్డులో సరుకు అమ్మి, డబ్బు నడుముకు కట్టుకుని రాత్రి బస్సెక్కే భయం తగ్గింది. ఎవరికి ఎంత ఇచ్చామో ఫోన్‌లో రాసి ఉంటుంది కాబట్టి లెక్క తేడా వస్తే చూపించొచ్చు. కానీ ఈ మధ్య అదే ఫోన్‌లోకి, అదే స్టిక్కర్ వెనకాల, అప్పు కూడా వచ్చి కూర్చుంది. క్యాష్‌బ్యాక్ అనే పేరుతో ఆ అప్పు మన దగ్గరకొస్తోంది. దాని లెక్కేమిటో ఇవాళ కూర్చుని తేల్చుకుందాం.

ముందు ఏది ఏమిటో తెలుసుకుందాం

చేతిలో ఫోన్ ఒకటే, స్కాన్ చేసే స్టిక్కర్ ఒకటే. డబ్బు వచ్చే చోటు మాత్రం వేరు వేరు.

ఒకటి, మన బ్యాంకు ఖాతా. ఫోన్‌పే కొట్టినా, గూగుల్ పే కొట్టినా, భీమ్ కొట్టినా మామూలుగా డబ్బు నేరుగా మన ఖాతాలోంచి పోతుంది. దీన్ని యూపీఐ అంటాం. రెండోది వాలెట్. ముందుగా కొంత డబ్బు అందులో వేసుకుని, కావాల్సినప్పుడు అందులోంచి కట్టేది. మూడోది క్రెడిట్ కార్డు. ఇందులో పోయేది మన డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. నెలాఖరుకు బిల్లు పంపి మన దగ్గర వసూలు చేసుకుంటారు.

మన భాషలో చెప్పుకుంటే ఖాతా మన సొంత బావి. వాలెట్ ఆ బావిలోంచి తోడి నింపుకున్న తొట్టి. క్రెడిట్ కార్డు పక్కవాడి బోరు. కాల్వలో పారేటప్పుడు నీళ్లు మూడూ ఒకలాగే ఉంటాయి. పక్కవాడి బోరుకు గంటకింత అని కట్టాలి.

2022 దాకా ఈ మూడూ విడివిడిగానే ఉండేవి. ఆ ఏడాది రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంది. సెప్టెంబర్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు కార్డు వాడాలంటే దుకాణంలో స్వైప్ మిషన్ ఉండాలి. మన ఊరి కొట్లో మిషన్ ఉండేది కాదు కాబట్టి కార్డు బస్టాండు దాటి లోపలికి వచ్చేది కాదు. ఇప్పుడు స్టిక్కర్ ఉంటే చాలు. ఫోన్‌లో ఖాతా బదులు కార్డు నొక్కితే అప్పు మీద కొన్నట్టే.

ఇక నాలుగోది, అందరికంటే ముందు మన ఇళ్లలోకి వచ్చిన కార్డు. కిసాన్ క్రెడిట్ కార్డు. 1998లో మొదలైంది. దీని పేరులో కూడా క్రెడిట్ కార్డు అని ఉంది, దీన్ని కూడా చాలా బ్యాంకులు రూపే కార్డు రూపంలోనే ఇస్తున్నాయి. పేరు కలిసింది కదా అని రెండూ ఒకటే అనుకుంటున్నవాళ్లు ఊళ్లలో మాకు చాలామంది కనిపిస్తున్నారు. బ్యాంకు గుమ్మంలో నిలబడి ఒక కుర్రాడు ‘కార్డు తీసుకోండి బాబాయ్’ అంటే, అది ఏ కార్డో అడగకుండా సంతకం పెట్టకూడదు. ఎందుకో కాసేపట్లో లెక్కతో సహా చూద్దాం.

క్యాష్‌బ్యాక్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎవరూ ఊరికే డబ్బివ్వరని మనకు తెలుసు. మరి ఈ పది, ఇరవై, వంద ఎవరిస్తున్నారు?

2016 నవంబర్ 8న పెద్దనోట్లు రద్దు చేశాక, జనాన్ని ఫోన్ల వైపు మళ్లించడానికి ప్రభుత్వమే బహుమతులు పెట్టింది. ఆ డిసెంబర్ 25 నుంచి 2017 ఏప్రిల్ 14 దాకా లక్కీ గ్రాహక్ యోజన అని లాటరీ నడిపారు. ప్రభుత్వ చమురు కంపెనీల బంకుల్లో కార్డుతో కడితే 0.75 శాతం తగ్గింపు ఇచ్చారు. క్రెడిట్ కార్డులకు ఆ తగ్గింపు 2019 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. అలవాటు చేసేదాకా ఇచ్చారు, అలవాటయ్యాక ఆపేశారు. ఫోన్‌లో గీకే స్క్రాచ్ కార్డుల సంగతీ అంతే. మొదట్లో నిజంగా రూపాయలు వచ్చేవి. ఇప్పుడు గీకితే ఎక్కువగా వచ్చేవి ఏదో వస్తువు కొంటే ఇంత తగ్గింపు అనే కూపన్లే. అంటే ఇంకో ఖర్చుకు పిలుపు.

క్రెడిట్ కార్డు మీద వచ్చే క్యాష్‌బ్యాక్ సంగతి వేరు. అది రెండు చోట్ల నుంచి వస్తుంది.

మొదటిది దుకాణదారు. కార్డు మీద అమ్మిన ప్రతి వంద రూపాయలకూ బ్యాంకులు అతని దగ్గర కొంత కమీషన్ పట్టుకుంటాయి. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. ఆ వాటాలోంచి కాస్త తీసి మనకు క్యాష్‌బ్యాక్ అని ఇస్తారు. దుకాణదారు ఆ కమీషన్ తన ఇంట్లోంచి కట్టడు కదా. ధరలో కలుపుతాడు, లేకపోతే ‘క్రెడిట్ కార్డయితే రెండు శాతం ఎక్కువవుతుంది’ అని ముఖం మీదే చెబుతాడు. అప్పుడు మనం రెండు రూపాయలిచ్చి రూపాయి వెనక్కి తీసుకున్నట్టు.

ఖాతాలోంచి కట్టే యూపీఐకి ఈ కమీషన్ లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద దుకాణదారుడి దగ్గర ఏమీ తీసుకోకూడదని నియమం ఉంది. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం ఖజానా నుంచి భరిస్తోంది. 2024-25కు సుమారు 1,500 కోట్లు దానికి కేటాయించారు. క్రెడిట్ కార్డును యూపీఐలో వాడినప్పుడు కూడా చిన్న దుకాణదారులకు 2,000 రూపాయల లోపు కొనుగోలు మీద కమీషన్ లేదు. ఆ పైన ఉంటుంది. మందులు, ఎరువులు, విత్తనాల బిల్లు 2,000 లోపు ఎన్నడైనా అయిందా?

రెండోది, అసలైనది, వడ్డీ. పట్నంలో నెల జీతం వచ్చేవాడు గడువులోపు బిల్లు మొత్తం కట్టేస్తాడు. అతనికి క్యాష్‌బ్యాక్ మిగులుతుంది. గడువులోపు కట్టలేనివాడు వడ్డీ కడతాడు, ఆలస్య రుసుము కడతాడు. బ్యాంకుకు లాభం ఇతని దగ్గరే. కట్టగలిగినవాడికి ఇచ్చే బహుమతిలో కట్టలేనివాడి సొమ్ము ఉంది. ఈ రెండు జాబితాల్లో రైతు పేరు దేనిలో పడుతుందో మనమే ఆలోచించుకోవాలి.

కాగితం మీద లెక్క వేద్దాం

ఒక మిరప రైతును తీసుకుందాం. ఆగస్టులో నాటు వేశాడు. విత్తనానికి, ఎరువుకు, మందులకు 40,000 రూపాయల సరుకు కార్డు మీద తెచ్చాడు. క్యాష్‌బ్యాక్ నూటికి రూపాయి అనుకుందాం. అంటే 400 రూపాయలు. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు.

కార్డు మీద వడ్డీ లేని గడువు సాధారణంగా 45 నుంచి 50 రోజుల దాకా ఉంటుంది. అది కూడా కొన్న రోజును బట్టి తగ్గుతుంది. బిల్లు తయారయ్యే ముందురోజు కొంటే గడువు మూడు వారాలు కూడా ఉండకపోవచ్చు. మన రైతుకు కట్టాల్సిన తేదీ సెప్టెంబర్ ఆఖర్లో వచ్చిందనుకుందాం. సెప్టెంబర్ ఆఖరుకు మిరప చేలో ఏముంటుంది? మోకాలెత్తు మొక్క, దాని మీద తామర పురుగు. మొదటి కోత కల్లంలో ఎండి, టిక్కీల్లోకి ఎక్కి, గుంటూరు యార్డుకు చేరేసరికి ఫిబ్రవరి.

మరి ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు నెలలు. క్రెడిట్ కార్డు వడ్డీ బ్యాంకును బట్టి నెలకు 3 శాతం నుంచి 3.75 శాతం దాకా ఉంటోంది. మధ్యరకంగా మూడున్నర వేసుకుందాం. గడువు దాటితే వడ్డీ గడువు తేదీ నుంచి మొదలవదు, కొన్న రోజు నుంచి లెక్కేస్తారు. 40,000కు నెలకు 1,400 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది 252. నెలకు 1,652 రూపాయలు. ఒక్క నెల వడ్డీయే క్యాష్‌బ్యాక్‌కు నాలుగు రెట్లు దాటింది. ఆరు నెలలకు 9,912 రూపాయలు. ఇందులో వడ్డీ మీద వడ్డీ వేయలేదు, ఆలస్య రుసుము వేయలేదు. అవి కూడా వేస్తే ఇంకా పైకి పోతుంది.

ఇప్పుడు మనకు తెలిసిన వడ్డీలతో పోల్చుదాం. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఆ 40,000 తెస్తే ఆరు నెలలకు 4,800. మూడు రూపాయలకు తెస్తే 7,200. మూడు రూపాయల వడ్డీ అంటే మనం గుండె బాదుకుంటాం, వాడు రక్తం తాగుతున్నాడంటాం. కార్డు వడ్డీ జీఎస్టీతో కలిపి నూటికి నాలుగు రూపాయల 13 పైసలు పడుతోంది. ఏడాదికి 49 రూపాయలు దాటుతోంది. వాడు లాల్చీ వేసుకుని ఇంటికి రాడు, ఫోన్‌లో వస్తాడు కాబట్టి మనకు వడ్డీ వ్యాపారిలా కనిపించడం లేదు.

ఇక కిసాన్ క్రెడిట్ కార్డు. 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ, ఏడాదికి. సకాలంలో కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే. అదే 40,000కు ఆరు నెలలకు 7 శాతం చొప్పున 1,400. 4 శాతం చొప్పున 800. మళ్లీ ఒకసారి వినండి. ఒక కార్డు మీద 800, ఇంకో కార్డు మీద 9,912. రెంటి పేరూ క్రెడిట్ కార్డే.

నెల లెక్కా, పంట లెక్కా

తేడా వడ్డీలోనే అయితే మనం ఇంతసేపు మాట్లాడుకోనక్కర్లేదు. ఈ కార్డును తయారుచేసింది నెలకోసారి డబ్బు చేతికొచ్చే మనిషి కోసం. మనకు డబ్బు ఏడాదికి ఒకసారో, రెండుసార్లో వస్తుంది. ఎప్పుడొస్తుందో వాన చెప్పాలి, ఎంతొస్తుందో యార్డు చెప్పాలి. ధర బాగా లేకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇంకో నాలుగు నెలలు ఆగుతాం. కార్డు బిల్లు నెత్తిమీద ఉంటే ఆ నాలుగు నెలలు ఆగలేం. వచ్చిన ధరకు అమ్ముకోవాలి. అక్కడ పోయే డబ్బు ఏ క్యాష్‌బ్యాక్ లెక్కలోనూ కనిపించదు.

పంట రుణానికి పంట కాలం లెక్క ఉంది. స్వల్పకాలిక పంటల రుణం గడువు దాటి రెండు పంట కాలాలు గడిచేదాకా బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద వేయదు. క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం కూడా కట్టకుండా 90 రోజులు దాటితే మొండి బాకీయే. తుపాను వచ్చి పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే ఆ ప్రాంతంలో పంట రుణాలను రీషెడ్యూల్ చేయమని రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి. మనం ధర్నా చేసి అడగడానికి ఒక కాగితం ఉంది. కార్డు బిల్లుకు తుపాను తెలియదు. 2008లో కేంద్రం చేసిన మాఫీ, 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో చేసిన మాఫీ, 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా చేసిన మాఫీ, అన్నీ వ్యవసాయ రుణాలకే. కార్డు మీద కొన్న యూరియా కూడా యూరియానే, చేలోనే పడింది. కాగితాల్లో మాత్రం అది వ్యక్తిగత అప్పు.

బిల్లులో ‘మినిమం డ్యూ’ అని ఒక చిన్న అంకె ఉంటుంది. 40,000 బాకీకి రెండు వేలు కడితే చాలంటుంది. దాంతో ఫోన్లు రావు, పరువు నిలబడుతుంది. కానీ మిగతా 38,000కు కొన్న రోజు నుంచి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అంతేకాదు, బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న ప్రతిదానికీ ఆ 45 రోజుల గడువు పోతుంది. కొన్న రోజే వడ్డీ మొదలు. చాలామంది ఇరుక్కుంటున్నది ఇక్కడే.

చివరికి ఈ బాకీ సిబిల్ స్కోరులోకి ఎక్కుతుంది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకెను ఇప్పుడు పంట రుణం అడగడానికి వెళ్లినా చూస్తున్నారు. ఖరీదైన అప్పు పాడైతే చౌక అప్పుకు తలుపు మూసుకుపోతుంది.

వాలెట్‌లో వేసి తీస్తే లాభమా?

పట్నంలో చదువుకునే మన పిల్లలు కొందరు ఒక ఉపాయం చెబుతారు. కార్డులోంచి వాలెట్‌లోకి డబ్బు వేసుకుంటే కార్డు క్యాష్‌బ్యాక్, వాలెట్‌లోంచి దుకాణంలో కడితే వాలెట్ క్యాష్‌బ్యాక్, రెండు వైపులా వస్తుంది అని. మొదట్లో కొన్నాళ్లు అలా నడిచిన మాట నిజమే. తర్వాత కంపెనీలు దాన్ని కట్టేశాయి. ఇప్పుడు చాలా వాలెట్లు క్రెడిట్ కార్డుతో డబ్బు వేస్తే రుసుము పట్టుకుంటున్నాయి. చాలా కార్డులు వాలెట్‌లో వేసిన మొత్తానికి క్యాష్‌బ్యాక్ ఇవ్వడం మానేశాయి. రుసుము 2 శాతం, దాని మీద జీఎస్టీ అనుకుంటే 10,000కు 236 రూపాయలు పోతాయి. నూటికి రూపాయి క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డే దొరికినా వచ్చేది 100. చేతినుంచి 136 పోయింది.

ఇంకో పద్ధతి మందుల కొట్లలో, సెల్‌ఫోన్ షాపుల్లో నడుస్తోంది. కార్డు గీకించుకుని, రెండు మూడు శాతం కోసుకుని, మిగతాది నగదు చేతిలో పెడతారు. సరుకు కొన్నట్టు దొంగ బిల్లు రాస్తారు. కూలీలకు డబ్బు అర్జెంటు కదా అని మనవాళ్లు వెళ్తున్నారు. వచ్చే నెల ఆ బిల్లు కట్టడానికి ఇంకో కార్డు గీకుతున్నారు. ఇది నియమాలకు విరుద్ధం, కార్డు రద్దు చేయొచ్చు. అంతకంటే ముఖ్యం, దీనికి అంతు లేదు. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీసినా అంతే. రుసుము వెంటనే పడుతుంది, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, గడువనేదే ఉండదు.

మరి అసలు వాడొద్దా?

వాడొద్దని సంఘం చెప్పడం లేదు. లెక్క కుదిరినవాళ్లకు క్యాష్‌బ్యాక్ నిజమైన డబ్బే. పదిహేను రోజులకోసారి పాల బిల్లు వచ్చే ఇల్లుంది. అమ్మాయికో, అబ్బాయికో నెల జీతం ఉన్న ఇల్లుంది. అలాంటివాళ్లు వాడుకోవచ్చు, ఈ నాలుగు జాగ్రత్తలతో.

మొదటిది, బిల్లు కట్టే డబ్బు కొనే రోజుకే ఖాతాలో ఉండాలి. పంట వస్తే కడదాం అనుకున్న ఖర్చు దేనినీ కార్డు మీద పెట్టకూడదు. రెండోది, కట్టాల్సింది మొత్తం బిల్లు. మినిమం డ్యూ వైపు చూడొద్దు. ఖాతాలోంచి మొత్తం బిల్లు దానంతటదే కట్టేలా పెట్టుకోవచ్చు, అలా పెట్టించుకోండి. మూడోది, క్యాష్‌బ్యాక్ దేనికిస్తారో, దేనికివ్వరో ముందే చదవండి. డీజిల్‌కు, వాలెట్‌కు, అద్దెకు చాలా కార్డులు ఇవ్వవు. నెలకు ఇంత మించి ఇవ్వం అని గీత ఉంటుంది. మొదటి ఏడాది ఉచితమన్న కార్డుకు రెండో ఏడాది రుసుము పడుతుంది. ఏడాది మొత్తం వచ్చిన క్యాష్‌బ్యాక్ ఆ రుసుముకు సరిపోతే మనం చేసింది ఉచిత చాకిరీ. నాలుగోది, కొట్లో ముందు నగదు ధర అడగండి. పురుగుమందు డబ్బా మీద ముద్రించిన ధర ఒకటి, రొక్కం పెట్టి బేరమాడితే వచ్చే ధర ఇంకొకటి. ఆ తేడా క్యాష్‌బ్యాక్ కంటే ఎక్కువే ఉండొచ్చు. పదిమంది కలిసి సొసైటీ ద్వారానో, ఉత్పత్తిదారుల సంఘం ద్వారానో ఒకేసారి కొంటే ఇంకా తగ్గుతుంది. దానికి ఏ కార్డూ అక్కర్లేదు, ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు.

ఎరువుల దగ్గర ఒక మాట. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. నిర్ణయించిన గరిష్ఠ ధర మించి ఎరువు అమ్మకూడదని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఫోన్‌లో కట్టినందుకు అదనం అంటే, ఆ మాట బిల్లు మీద రాసివ్వమనండి. రాయడు. రాయకపోతే కట్టొద్దు. ఆ బిల్లు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరకు సంఘం వస్తుంది. ఇంకోటి, ఎరువుల కొట్లో వేలిముద్ర వేయించుకునే మిషన్ డబ్బు కట్టే మిషన్ కాదు. ఎరువు ఎవరికి అమ్మారో లెక్క కోసం పెట్టింది. 2016లో మన కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కూడా దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అందులో వేలు పెట్టినంత మాత్రాన మీ ఖాతాలో డబ్బు పోదు. రెంటినీ కలిపి ఎవరైనా భయపెడితే నమ్మొద్దు.

మోసాలు, మన హక్కులు

‘మీకు క్యాష్‌బ్యాక్ వచ్చింది, తీసుకోవడానికి పిన్ కొట్టండి’ అని ఫోన్ వస్తుంది. ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతోందనే అర్థం. ఇంట్లో ఫోన్ వాడే ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు ఈ మాట ఇవాళే చెప్పండి. మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నియమాలు 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అడగకుండా కార్డు అంటగట్టకూడదు. అంటగట్టి, మన ఒప్పుకోలు లేకుండా మొదలుపెట్టి బిల్లు వేస్తే, ఆ మొత్తం వెనక్కి తీసుకోవడమే కాదు, దానికి రెండింతలు జరిమానా మనకివ్వాలి. బాకీ లేని కార్డును మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకు కట్టాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఖర్చేమీ లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయొచ్చు. రాయడం రానివాళ్లకు సంఘం కార్యాలయంలో మేం రాసిపెడతాం.

వడ్డీ మీద మాత్రం మనకు రక్షణ తక్కువ. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్, కార్డు మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే ఇవాళ ఆ 30 శాతం గీత కూడా లేదు.

కౌలు రైతుకు ఏ కార్డు?

ఇంత లెక్క చెప్పాక వెనక కూర్చున్న కౌలు రైతు మిత్రులు అడుగుతారు. ‘కిసాన్ కార్డు మంచిదే, మాకెవరిస్తున్నారు?’ అని. న్యాయమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇవ్వాలి. భూయజమాని సంతకం పెట్టడు. పత్రం వచ్చినా బ్యాంకు సవాలక్ష కాగితాలు అడుగుతుంది. పొలం మనది కాకపోతే పంట రుణం లేదు. పొలంతో పనిలేకుండా అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామని ఫోన్‌లో యాప్ పిలుస్తుంది. ఇప్పుడు కొని తర్వాత కట్టండి అంటుంది. మొదటిసారి వంద రూపాయల క్యాష్‌బ్యాక్ అంటుంది. చౌక అప్పు తలుపు మూసి, ఖరీదైన అప్పు తలుపు బార్లా తెరిచి, పైగా గుమ్మంలో మిఠాయి పెట్టారు. 2010లో సూక్ష్మరుణాల సంస్థల వసూళ్లకు పల్లెల్లో ప్రాణాలు పోతే, ఆ అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పుడు గుంపులుగా ఇంటి ముందు కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఫోన్ ఇరవై నాలుగు గంటలూ మోగుతుంది. మళ్లీ అంతదాకా రానివ్వకూడదు.

అందుకే ఈ తరగతి నుంచి మన డిమాండ్లు ఇవి. సాగుచేసే ప్రతి రైతుకూ, యజమాని సంతకంతో పనిలేకుండా, సాగు హక్కు పత్రం, దాని మీద పంట రుణం ఇవ్వాలి. ఖరీఫ్ రుణం నాట్లకు ముందే చేతికి రావాలి. రుణ పరిమితిని అసలు సాగు ఖర్చుకు తగ్గట్టు పెంచాలి. ఎకరా మిరపకు ఎంత అవుతుందో మనల్ని అడిగి రాయాలి. పంట రుణానికి వచ్చిన రైతుకు వేరే కార్డో, బీమానో అంటగట్టే బ్యాంకు మీద చర్య తీసుకోవాలి. యూపీఐ మీద రుసుము ఎప్పటికీ వేయకూడదు. కార్డు వడ్డీకి చట్టంలో పరిమితి పెట్టాలి.

ఇక మనం చేయాల్సిన పని. రేపటి నుంచి ప్రతి గ్రామ కమిటీ ఒక సాయంత్రం కూర్చోవాలి. ఎవరింట్లో ఏ కార్డుంది, ఎంత బాకీ ఉంది, ఎంత వడ్డీ పడుతోంది అని రాసుకోవాలి. కార్డు బాకీ ఉండి, కిసాన్ కార్డు లేనివాళ్ల జాబితా విడిగా తీయాలి. సొంత భూమి ఉన్నవాళ్లకు తాకట్టు లేకుండా 2 లక్షల దాకా పంట రుణం ఇవ్వాలని 2025 జనవరి 1 నుంచి నియమం ఉంది. ఆ జాబితాతో అందరం కలిసి బ్యాంకు మేనేజరు దగ్గరకు పోదాం. వచ్చే నెల మొదటి సోమవారం మండల కార్యాలయానికి జాబితాలు చేరాలి. పాసు పుస్తకాల నకళ్లు, కౌలు కాగితాలు, కార్డు బిల్లులు వెంట తెచ్చుకోండి. సెలవు.